ఆయిల్ సీలు మార్చుట: గృహస్థులకు సులభ సూచనలు

మారుతి 800 తయారీ 2014లో ఆగిపోయింది. మన వీధుల్లో మిగిలిన బళ్లలో ఆయిల్ కారడం మాత్రం ఆగలేదు. ఆ 796 సీసీ ఇంజనులో ఆయిల్ పంపు క్రాంకు షాఫ్టు ముందు చివర కూర్చుని ఉంటుంది. షాఫ్టు పంపులోంచి బయటికి రావాలి, ఆయిల్ రాకూడదు. ఈ కాపలా కాసేది ఒక చిన్న సీలు. గుండ్రటి ఇనుప చట్రం, దానికో రబ్బరు పెదవి, ఆ పెదవిని షాఫ్టుకి అదిమిపెట్టే సన్నటి స్ప్రింగు, అంతే. సీలు ఖరీదు తక్కువ, దాని దగ్గరికి చేరే దారి ఖర్చు ఎక్కువ. మెకానిక్ తీసుకునేదంతా ఆ దారికే. ఆ డబ్బు మిగుల్చుకోదలచిన వారికి ఈ కింది సూచనలు.

కావలసినవి: పానాల సెట్టు, జాకీ, పెద్ద స్క్రూడ్రైవరు, సుత్తి, సీలెంటు ట్యూబు, ఒక ఆదివారం, టార్చి పట్టుకోవడానికి బావమరిది. టార్క్ రెంచి దండగ. మీకు భుజం ఉంది.

1. రోగ నిర్ధారణ: బండి కింద మరక కనపడగానే పంపు సీలే పోయిందని తేల్చేయండి. ఇంజను కడిగి, ఆరబెట్టి, కాసేపు నడిపి, పైనుంచి కిందికి టార్చి వేసి చూస్తూ వస్తే లీకు ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. వాల్వు కవరు ప్యాకింగు కావచ్చు, క్యాంషాఫ్టు సీలు కావచ్చు. ఆయిల్ ఎక్కడ పుట్టినా చేరేది కిందికే. అలా తెలిసిపోతే పని తేలిగ్గా అయిపోయే ప్రమాదముంది. మిగిలిన ఆదివారాన్ని ఏం చేసుకుంటారు?

2. కొనుగోలు: షాపులో పార్టు నంబరు చెప్పకండి, వేళ్లతో సైజు చూపించండి. కంపెనీ సీలూ, దానిలాంటిదీ పక్కపక్కన పెడితే దానిలాంటిదే తీసుకోండి. రెండూ నల్లగానే ఉంటాయి. పాతది వేడికి గట్టిపడి పోయింది కదా, ఈ రబ్బరు ఎంత వేడికి తట్టుకుంటుందని అడిగి షాపువాణ్ణి ఇబ్బంది పెట్టకండి.

3. విప్పడం: సీలు కనపడాలంటే పుల్లీ, కవరు, టైమింగ్ బెల్టు తీయాలి. తీసే ముందు పుల్లీల మీది గుర్తులు వాటి స్థానాలకు వచ్చేలా ఇంజను తిప్పి పెట్టుకోవాలంటారు. చాదస్తం. ఒక ఫోటో చాలు, అందులో బావమరిది బొటనవేలే ఎక్కువ పడినా సరే. బెల్టు ఒక పన్ను తప్పితే ఇంజను వణుకుతుంది. మరీ తప్పితే కొన్ని ఇంజన్లలో వాల్వులు వెళ్లి పిస్టన్లను పలకరిస్తాయి.

4. పాత సీలు పెకలించడం: స్క్రూడ్రైవరు షాఫ్టుకి ఆనించి బలంగా తన్నండి. షాఫ్టు మీద ఒక గీత పడుతుంది. నిమిషానికి 3000 చుట్ల వేగంలో ఆ గీత సెకనుకి 50 సార్లు కొత్త సీలు పెదవి కిందుగా వెళ్తుంది. సీలు పాతబడడానికి ఇక ఏళ్లు పట్టనక్కర్లేదు.

5. కొత్తది బిగించడం: ఇక్కడ బావమరిదికి ఒక సందేహం వస్తుంది.

"బావా, స్ప్రింగు లోపలికా, బయటికా?"

"చూడ్డానికి బావున్న పక్క బయటికి పెట్టరా."

స్ప్రింగున్న పక్క ఆయిల్ వైపు, అంటే లోపలికి ఉండాలన్నది తయారుచేసిన వాళ్ల అభిప్రాయం. పెదవికి కాస్త ఆయిల్ రాయాలనీ, సీలు అంచుకి సరిపోయే గొట్టం ఆనించి చుట్టూ సమంగా తట్టాలనీ కూడా వాళ్లంటారు. మీరు పొడిగానే పెట్టి ఒక పక్క సుత్తితో కొట్టండి. రెండో పక్క లేస్తుంది. అటు కొట్టండి, ఇటు లేస్తుంది. చీకటి పడేదాకా కాలక్షేపం.

6. సీలెంటు: పంపు బాడీ కూడా ఊడదీసి ఉంటే ట్యూబు మొత్తం పిండేయండి. బయటికి పొంగింది మీరు తుడిచేస్తారు. లోపలికి పొంగింది ఎండి, ఊడి, ఆయిల్ చాంబర్లో పడి, పంపు ఆయిల్ పీల్చుకునే జాలీకి అడ్డం పడుతుంది. కంటికి కనపడనిది కాబట్టి మీకు సంబంధం లేదు.

7. కారణం జోలికి పోకండి: పిస్టన్ల పక్కనుంచి జారిన గ్యాసు క్రాంకు కేసులోంచి బ్రీదర్ గొట్టం గుండా పోవాలి. ఆ గొట్టం మడ్డితో పూడుకుపోతే లోపలి ఒత్తిడి ఆయిల్‌ని సీళ్లలోంచి తోసేస్తుంది. అప్పుడు సీలు బాధితురాలే గాని ముద్దాయి కాదు. అయినా శిక్ష దానికే వేయండి. గొట్టం శుభ్రం చేశానంటే చుట్టాల్లో ఎవరూ మెచ్చుకోరు. ఇంజను విప్పానంటే విశేషం.

8. బెల్టు: ఆయిల్‌లో నానిన టైమింగ్ బెల్టు ఉబ్బి, పళ్లు ఊడి, ఏదో ఒక రోజు తెగుతుంది. అంతా విప్పి ఉంది కాబట్టి ఇప్పుడే మార్చేస్తే ఒక కూలితో రెండు పనులు. కానీ కూలి మీదేగా, ఎన్నిసార్లు విప్పినా ఉచితమే. పెట్రోలు గుడ్డతో తుడిచి పాతదే ఎక్కించండి. క్రాంకు బోల్టు మీ భుజం చాలన్నంత వరకు బిగించండి.

9. స్టార్టు చేయడం: పంపు బాడీ విప్పినవారు బిగించే ముందు దాని లోపల ఆయిల్ పోయాలి. పొడి పంపు వెంటనే పీల్చదు. ఇంత ఓపిక మీకు లేదు కాబట్టి నేరుగా తాళం తిప్పి యాక్సిలరేటరు తొక్కండి. డాష్‌బోర్డులో ఆయిల్ ఒత్తిడి చూపే ఎర్ర దీపం ఆరకపోతే వైరింగు లోపమని బావమరిదికి వివరించండి.

తరచూ వచ్చే సందేహం: ఇంత చేసినా మళ్లీ కారితే? కంగారు వద్దు. డిప్‌స్టిక్ బయటికి తీయకుండా, ఎర్ర దీపం వైపు చూడకుండా ఇంకొన్నాళ్లు నడపండి. లీకు దానంతటదే ఆగిపోతుంది. ఆయిల్ లేని ఇంజనులో ఏ సీలూ కారదు.