చచ్చినవాడి కళ్ళు చారెడు

బ్రిటన్‌లో అరవై దాటిన పెద్దమనిషి దగ్గర పాత టీవీ మాట ఎత్తి చూడండి. ముందు ఓ నిట్టూర్పు వస్తుంది. వెనకే "ఆ రోజులే వేరు" అనే పల్లవి. ఆ పైన చరణాలు: మోర్‌కాంబ్ అండ్ వైజ్ హాస్యం, 'డాడ్స్ ఆర్మీ' ముసలి సైనికులు, సోఫా వెనక నక్కి చూసిన సైన్స్ ఫిక్షన్ 'డాక్టర్ హూ', రాత్రి జాతీయగీతం వాయించి మర్యాదగా మూతపడే బీబీసీ. పొరపాటున మీరు "ఇప్పుడూ మంచివి వస్తున్నాయి కదండీ" అన్నారా, అయిపోయారు. జాలిగా ఓ చూపు చూసి "నువ్వు చూడలేదు బాబూ" అంటాడు.

నిజమే, మనం చూడలేదు. కిటుకంతా అక్కడే ఉంది. ఆయన పొగిడేవాటిలో చాలా వాటిని ఇప్పుడు ఎవరూ చూడలేరు. సాక్షాత్తూ బీబీసీయే చెరిపేసింది.

చెరపడమంటే ఎవడో గుమాస్తా చెయ్యి జారడం కాదు. పద్ధతి ప్రకారం, కాగితాల మీద అనుమతులు తీసుకుని మరీ చెరిపారు. 1960లు, 70లలో స్టూడియో కార్యక్రమాలను రెండంగుళాల వెడల్పున్న టేపు మీద రికార్డు చేసేవారు. టేపు ఖరీదు ఎక్కువ, తుడిస్తే మళ్ళీ పనికొస్తుంది. నటుల సంఘంతో ఉన్న ఒప్పందాల వల్ల ఒకే కార్యక్రమాన్ని ఎన్నిసార్లయినా తిప్పి వెయ్యడానికి వీల్లేదు. 1960ల చివర రంగులు వచ్చేసరికి నలుపు తెలుపు సరుకు ఎవడిక్కావాలన్నారు. మళ్ళీ వెయ్యలేనిదాన్ని బీరువాలో పెట్టి పూజ చెయ్యాలా? ఆఫీసు లెక్కలో తప్పేమీ లేదు. ఆ లెక్కలోనే హాస్యనటులు పీటర్ కుక్, డడ్లీ మూర్‌ల 'నాట్ ఓన్లీ బట్ ఆల్సో' చాలా భాగం పోయింది. 1969 జులైలో మనిషి చంద్రుడి మీద దిగిన రాత్రి బీబీసీ స్టూడియో నుంచి సాగిన ప్రసారం టేపులూ పోయాయి. (నాసా కూడా తక్కువ తినలేదు. చంద్రుడి నుంచి వచ్చిన అసలు సిసలు టేపులు చెరిపి మళ్ళీ వాడేసి ఉంటారని 2009లో తానే ఒప్పుకుంది.) 1960ల నాటి 'డాక్టర్ హూ' ఎపిసోడ్లలో 90కి పైగా నేటికీ లేవు.

అంతకు ముందు సంగతి ఇంకా వినోదం. 1953లో 'ద క్వాటర్‌మాస్ ఎక్స్‌పెరిమెంట్' అనే ఆరు భాగాల నాటకం ప్రత్యక్ష ప్రసారం చేశారు. అప్పటికి టేపు లేదు. టీవీ తెర ముందు ఫిల్మ్ కెమెరా పెట్టి తీయడమే రికార్డింగు. రెండో భాగం తీస్తుండగా తెర మీద ఒక పురుగు వాలింది. నాణ్యత బాగా లేదని మిగతా నాలుగు భాగాలు రికార్డు చెయ్యడమే మానేశారు. బ్రిటిష్ టెలివిజన్ చరిత్రలో మైలురాయి అనదగ్గ నాటకంలో మూడింట రెండొంతులు గాలిలో కలిసిపోయింది, పురుగు మాత్రం చిరంజీవి అయింది.

స్వర్ణయుగం అనే బిరుదు పుట్టింది ఇలాంటి శ్మశానం నుంచి. పోయినదాన్ని ఎంత పొగిడినా అడిగేవాడు లేడు. చచ్చినవాడి కళ్ళు చారెడు. ఉన్నదాంట్లో లోపం కనిపిస్తుంది. లేనిదాంట్లో లోపం వెతకడం ఎవరి తరం?

అయితే అప్పుడప్పుడు చచ్చినవాడు లేచి వస్తుంటాడు. 'టూంబ్ ఆఫ్ ద సైబర్‌మెన్' అని 1967 నాటి 'డాక్టర్ హూ' కథ ఒకటుంది. పోయిన వాటిలోకెల్లా గొప్పదని అభిమానులు ఏళ్ళ తరబడి భజన చేశారు. అంత భయం, అంత గాంభీర్యం మళ్ళీ తెర మీద రాలేదన్నారు. 1991 చివర, విదేశాలకు ప్రసారానికి పంపిన దాని ఫిల్ము కాపీలు హాంకాంగ్‌లో దొరికాయి, నాలుగు భాగాలకు నాలుగూ. 1992లో కేసెట్టుగా వస్తే జనం విరగబడి కొన్నారు. ఇంటికి తెచ్చుకుని, తలుపులు వేసుకుని, భక్తిగా చూశారు. బలవంతుడైన పాత్రధారిని యంత్రమానవుడైన సైబర్‌మన్ ఎత్తి విసిరే సన్నివేశంలో ఆ మనిషిని గాల్లోకి లేపిన తీగ శుభ్రంగా కనిపించింది! మంచి కథే, కాదనను. కానీ పాతికేళ్ళు భజన చేసిన పెద్దలెవరూ ఆ తీగ ఊసెత్తలేదు. జ్ఞాపకానికి తీగలు కనపడవు కాబోలు.

తమాషా ఏమిటంటే దీనికి తిరగేసిన కథ కూడా ఉంది. 'ఎనిమీ ఆఫ్ ద వరల్డ్' అనే మరో 'డాక్టర్ హూ' కథ నీరసంగా ఉంటుందని అదే పెద్దలు తేల్చేశారు. మిగిలింది ఒక్క భాగం, తీర్పు మాత్రం ఆరు భాగాలకూ. 2013లో, నైజీరియాలోని జోస్ పట్టణంలో టీవీ కేంద్రం గదిలో పడున్న ఫిల్ములు బయటికొచ్చాయి. చూస్తే అది హాయిగా, చురుగ్గా సాగే కథ. అంటే పొగడ్తా నమ్మదగ్గది కాదు, తెగడ్తా నమ్మదగ్గది కాదు. ఇంకో ముచ్చట గమనించారా? లండన్‌లో భద్రంగా ఉండాల్సినవి ఒకప్పుడు ఏలిన దేశాల మూలగదుల్లో దొరుకుతున్నాయి. పని అయ్యాక వెనక్కి పంపమనో, నాశనం చేసెయ్యమనో దొరలు రాస్తే, అక్కడివాళ్ళు ఆ పని చెయ్యకపోవడమే బ్రిటిష్ సంస్కృతికి రక్ష అయింది. వాళ్ళ బద్ధకానికి ఒక శిలావిగ్రహం పెట్టొచ్చు.

ఇక "కుటుంబమంతా కలిసి చూసేవాళ్ళం" అనే రెండో చరణం. ఎందుకు చూడరు? 1982 నవంబరులో చానల్ ఫోర్ వచ్చేదాకా ఉన్నవి మూడే చానళ్ళు. ఇంట్లో ఉన్నది ఒకే సెట్టు. ఇష్టం లేకపోతే కిటికీలోంచి వాన చూడాలి. 1957 దాకా సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు అసలు ప్రసారమే ఆపేసేవారు. ఆ గంటలో తల్లులు పిల్లల్ని పడుకోబెట్టుకోవాలని పైవారి సంకల్పం! 1973 డిసెంబరులో కరెంటు కటకట వస్తే రాత్రి పదిన్నరకే దుకాణం కట్టేయమంది ప్రభుత్వం. దీన్ని ఐకమత్యం అనడం పెద్ద మాట. 1977 క్రిస్మస్ రాత్రి మోర్‌కాంబ్ అండ్ వైజ్ కార్యక్రమాన్ని 2.8 కోట్ల మంది చూశారని బీబీసీ లెక్క. పోటీ వాళ్ళ లెక్కలో 2.1 కోట్లే. పండగ రాత్రి డెబ్భై లక్షల మంది ఎక్కడికి పోయారో ఎవరూ అడగరు. పెద్ద అంకెనే గుండెకు హత్తుకుంటారు.

మూడో చరణం ఇంకా ప్రమాదం: "అప్పట్లో ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. ఇప్పుడే ప్రతిదానికీ నొచ్చుకుంటున్నారు." 'బ్లాక్ అండ్ వైట్ మిన్‌స్ట్రెల్ షో' అని తెల్లవాళ్ళు మొహానికి నల్లరంగు పూసుకుని ఆడిపాడిన కార్యక్రమం 1958 నుంచి 1978 దాకా బీబీసీలో నడిచింది. దీన్ని ఆపమని 1967లోనే జాతివివక్ష వ్యతిరేక ఉద్యమం వాళ్ళు బీబీసీకి విజ్ఞాపన ఇచ్చారు. ఆ తర్వాత మరో పదకొండేళ్ళు నిక్షేపంగా నడిపారు. అభ్యంతరం లేక కాదు, అభ్యంతరం చెప్పినవాళ్ళు లెక్కలోకి రాక. మన దేశంలోని దేవ్‌లాలీ సైనిక శిబిరం నేపథ్యంగా వచ్చిన 'ఇట్ ఏంట్ హాఫ్ హాట్ మమ్'లో ముఖ్యమైన భారతీయ సేవకుడి వేషం ఒక ఇంగ్లీషు నటుడిది, మొహానికి గోధుమరంగు పూతతో. అడిగితే ఆయన ఝాన్సీలో పుట్టాడు, హిందుస్తానీ వచ్చు అంటారు. జన్మస్థలం చూపించి రంగు డబ్బా కొనుక్కోవచ్చన్నమాట! 'యెస్ మినిస్టర్' లాంటి బంగారం కూడా ఆ దేశం నుంచే వచ్చింది, మన దూరదర్శన్‌లో చూసి మనమూ నవ్వుకున్నాం. బంగారాన్ని కాదనేవాడెవడు? తట్టెడు మట్టిని కూడా అదే ధరకి అంటగట్టొద్దనే అంటున్నది.

ఇంతకీ మిగిలినవి ఎలా మిగిలాయి? ఇక్కడికొస్తే నాకు వెటకారం తగ్గి కాస్త గౌరవం పుడుతుంది. 1960లలో కొందరు కుర్రాళ్ళు టీవీ స్పీకరు దగ్గర మైకు పెట్టి, టేపు రికార్డరు మీద 'డాక్టర్ హూ' ధ్వనిని పట్టుకున్నారు. బొమ్మ పోయిన ప్రతి ఎపిసోడుకీ ఇవాళ ధ్వని ఉందంటే అది వాళ్ళ చలవ. బొమ్మను ఇంట్లోనే పట్టే యంత్రం 1963లోనే నాటింగ్‌హామ్‌లో తయారైంది. పేరు టెల్కాన్. టేపు సెకనుకు పది అడుగుల చొప్పున పరుగెత్తేది, దక్కేది ఇరవై నిమిషాల నలుపు తెలుపు బొమ్మ. కంపెనీ ఎక్కువ కాలం నిలవలేదు. 1972లో ఫిలిప్స్ ఎన్1500 వచ్చింది. 1970ల చివర వీహెచ్‌ఎస్ వచ్చాక గానీ సామాన్యుడి ఇంట్లోకి ఆ పెట్టె చేరలేదు, అదీ చాలామందికి నెలవారీ అద్దెకి.

ఆ కేసెట్టు అంచున చిన్న ప్లాస్టిక్ పలక ఉండేది. దాన్ని విరిచేస్తే ఇక దాని మీద రికార్డు కాదు, లోపలున్నది పదిలం. మళ్ళీ కావాలంటే ఆ గుంట మీద టేపు ముక్క అంటిస్తే సరి. ప్రతి ఇంట్లోనూ పలక విరిచేవాళ్ళు, గుంట మూసేవాళ్ళు అని రెండు పార్టీలు. కూతురు విరిచి దాచుకున్న నాటకం మీద తండ్రి అంటించి ఫుట్‌బాల్ ఎక్కించేవాడు. ఇవాళ పొద్దస్తమానం స్వర్ణయుగం గురించి ఉపన్యసించేవాడు ఆ రెండో పార్టీవాడే అయి ఉంటాడని నా గట్టి అనుమానం.

దాచినవాళ్ళకి దక్కిన సత్కారం కూడా వినండి. కమెడియన్ బాబ్ మంక్‌హౌస్‌కి సినిమా ప్రింట్లు, టీవీ రికార్డింగులు పోగుచెయ్యడం పిచ్చి. ఫిల్ముల వ్యవహారంలో మోసం ఆరోపించి 1979లో ఆయన్ని లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టు బోను ఎక్కించారు. నిర్దోషిగా బయటపడ్డాడు. ఆయన పోయాక ఆ వేలకొద్దీ టేపుల్లోంచి ఎక్కడా లేని కార్యక్రమాలు దొరికాయి. చెరిపినవాళ్ళను మాత్రం ఏ కోర్టూ పిలవలేదు. 1988 కాపీరైటు చట్టం ఇంట్లో రికార్డు చేసుకోవచ్చంది, వీలైన వేళ చూసుకోవడం కోసమే సుమా. దశాబ్దాల పాటు అటక మీద దాచుకోమని అది చెప్పలేదు. అంటే దేశం సంస్కృతిని కాపాడినవాళ్ళు చట్టం గీసిన గీతకి కాస్త అవతల నిలబడి కాపాడారు.

ఇప్పటి కుర్రకారు వ్యామోహం మరో రకం. తెర మీద గీతలు పోవాలని 1980లలో జనం హెడ్డు శుభ్రం చేసే కేసెట్లు కొనేవారు. ఇవాళ ఫోనులో తీసిన తేటతెల్లమైన వీడియో మీద అవే గీతలు, అదే మసక అంటించడానికి యాప్ కొంటున్నారు. అప్పుడు పుట్టనివాళ్ళకి అప్పటి మీద బెంగ. దీనికి వైద్యం లేదు. "అంతరాయానికి చింతిస్తున్నాము" అనే పాత దూరదర్శన్ బోర్డు చూసి కళ్ళు తుడుచుకునే మనవాళ్ళు నవ్వనక్కర్లేదు, అంతరాయానికే బెంగపెట్టుకున్న జాతి మనది.

మీరు బెంగపడండి, ఎవరూ వద్దనరు. కానీ టేపు బెంగతో బతకదు. అది మాగ్నెటిక్ పూత, ఏళ్ళు గడిచేకొద్దీ రాలుతుంది. ఆడించే యంత్రాలు కూడా కొత్తవి రావు. చివరిదాకా వీసీఆర్లు తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జులైలో ఆ తయారీ ఆపేసింది. బర్మింగ్‌హామ్‌లోనో లెస్టర్‌లోనో నలభై ఏళ్ళుగా ఉంటున్న తెలుగు డాక్టరుగారూ, ఇది మీకు కూడా. మీ అటక మీద పెళ్ళి కేసెట్లు, ఎన్టీఆర్ సినిమాల కేసెట్ల అడుగున, అట్ట మీద మూడుసార్లు కొట్టేసి రాసిన పాత కేసెట్టు ఒకటి ఉంటే, ఇల్లు సర్దేటప్పుడు చెత్తబుట్టలో వెయ్యకండి. ముందు బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కి ఒక ముక్క రాయండి. 'మిస్సింగ్ బిలీవ్డ్ వైప్డ్' అనే పేరుతో 1993 నుంచి వాళ్ళు వెతుకుతున్నది ఇలాంటివే.