‘కార్డు గీకి గీకి’: టీకా తాత్పర్య సహితం

అవతారిక: ఏనాడూ వాయిదా తప్పని ఒక గృహస్థు ఇంటి లోన్‌కు వెళ్తే, “సార్, మీ సిబిల్ స్కోరు పోయిన నెల 791, ఇప్పుడు 748” అన్నారు. పైసా బాకీ లేకుండా కట్టానే అని వాపోతున్న అతనితో కవి ఇట్లనుచున్నాడు.

కార్డు గీకి గీకి గడువులో కట్టినా
బిల్లు నాటి బాకి పెద్దదైన
స్కోరు తగ్గు, మరల కోలుకొనుంగదా
బాకి తగ్గెనేని పక్షమందు.

ప్రతిపదార్థం: కార్డు = లక్ష లిమిట్ గల క్రెడిట్ కార్డును; గీకి గీకి = ఫ్రిజ్‌కొకసారి, పిల్లల ఫీజుకొకసారి గీకి; గడువులో = డ్యూ డేట్ లోపల; కట్టినా = మొత్తం కట్టినప్పటికీ; బిల్లు నాటి = స్టేట్‌మెంట్ తయారైననాడు ఉన్న; బాకి = అప్పు; పెద్దదైన = లిమిట్‌లో పెద్ద భాగమైతే; స్కోరు = 300 నుంచి 900 దాకా ఉండే అంకె; తగ్గు = పడును. తక్కినది సుగమం.

తాత్పర్యం: 12న బిల్లు వచ్చింది, 82 వేలు. గృహస్థు వచ్చే నెల 1న అంతా కట్టేశాడు. వడ్డీ లేదు, ఫైను లేదు. అయితే ఈలోగా 15న ఒకసారి, నెలాఖరున ఒకసారి బ్యాంకు సిబిల్‌కు లెక్క పంపింది. రెండింటిలోనూ 82 శాతం వాడకమే. 1న కట్టబోతున్నాడని ఆ లెక్కకు ఎవరు చెప్పాలి? 12కు ముందే 60 వేలు కట్టి ఉంటే బిల్లు 22 వేలకే వచ్చేది.

విశేషాలు: బ్యాంకు లెక్క పంపేనాటి బాకీయే అసలు సంగతి కనుక ‘పంపు నాటి బాకి’ అని ఉండాలని కొందరు. అర్థం బాగానే ఉంది గానీ యతి చెడుతుంది. ఆ పాఠం త్యాజ్యం.

‘పక్షమందు’: 2025 జనవరి 1 నుంచి కనీసం పక్షానికొకసారి లెక్క పంపాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అంతకుముందు అది నెలకొకసారి. పంపిన లెక్క రిపోర్టుకెక్కడానికి మరికొన్ని రోజులు పడుతుంది. ఛందస్సులో పట్టక కవి వదిలేశాడు. లోన్ అప్లికేషన్ పెట్టేవాడు నెల్లాళ్ళు ఆగడమే మేలు.

‘కోలుకొనుంగదా’: ఈ ధీమా వాడకానికే. వాడకం లెక్క ప్రధానంగా తాజా బాకీనే చూస్తుంది. వాయిదా ఎగ్గొట్టినవాడికి ఈ పాదం చెల్లదు. ఆ మచ్చ రిపోర్టులో 36 నెలలు కనబడుతుంది. మినిమమ్ డ్యూ కట్టి ఊరుకున్నవాడికి మచ్చ ఉండదు గానీ, ‘బాకి తగ్గెనేని’ అన్న షరతు అతని విషయంలో నెరవేరదు.

వాడకం లిమిట్‌లో 30 శాతం దాటరాదన్నది శ్రుతీ కాదు, స్మృతీ కాదు. వట్టి శిష్టాచారం. 29 దగ్గర స్వర్గం, 31 దగ్గర నరకం ఉండవు.

ఇక, భయపడి పాత కార్డు క్యాన్సిల్ చేయించేవారి సంగతి. లక్షేసి లిమిట్ ఉన్న రెండు కార్డుల మీద 50 వేల బాకీ ఉంటే 25 శాతం. వాడని కార్డు మూసేస్తే అదే బాకీ 50 శాతం. గృహస్థు ఆ దరఖాస్తు మొన్ననే పెట్టివచ్చాడట.