ముందు వేలం, తర్వాత రూటు

హైదరాబాద్‌కు ఏం తక్కువైందో ఎట్టకేలకు కనిపెట్టారు. సాధనాలు తక్కువయ్యాయట! ఇళ్ళూ ఆఫీసులూ ఎక్కడ రావాలి, వాటికి బస్సూ రైలూ ఎలా చేరాలి అనే రెండు లెక్కల్నీ ఒకేచోట వేసే సాఫ్ట్‌వేర్ కొంటే చాలు, ట్రాఫిక్ దారికొస్తుందని సదస్సుల్లో చెబుతున్నారు. తెర మీద రంగుల మ్యాపు వెలుగుతుంది. స్టేషన్ చుట్టూ ఆకుపచ్చ వలయాలు, అందులో సైకిలు తొక్కుతూ ఒక అమ్మాయి. (మే నెలలో కూడా ఆ పిల్లకు చెమట పట్టదు.) చప్పట్లు, ఆపైన భోజనాలు.

ఈ విద్య కొత్తదేమీ కాదు. 1964లోనే ఐరా లౌరీ అమెరికాలోని పిట్స్‌బర్గ్‌కు ఇలాంటి మోడల్ కట్టాడు. ఉద్యోగాలు ఇక్కడుంటే ఇళ్ళెక్కడ లేస్తాయి, ఇళ్ళక్కడ లేస్తే దుకాణాలెక్కడ తెరుస్తారు అన్నది దాని లెక్క. 1973లో డగ్లస్ లీ ఇలాంటి భారీ మోడళ్ళకు అంత్యక్రియలు చేస్తూ, వాటి ఏడు పాపాలను ఏకరువు పెట్టి మరీ వ్యాసం రాశాడు. అయినా అవి చావలేదు, మెరుగుపడ్డాయి. నాకూ వాటితో పేచీ లేదు. జవాబు మీద సంతకాలయ్యాక ప్రశ్న అడిగే మన పద్ధతితోనే పేచీ అంతా.

మన సొంత సాధనం ఒకటి 2006 నుంచీ ఉంది. అది జీవో 86తో వచ్చింది. ఒక స్థలంలో మొత్తం ఎంత కట్టొచ్చో చెప్పే ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని ఆ జీవో ఎత్తేసింది. ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ సరిపోతే పైకి పోవచ్చు. చూశారా, భూమినీ రోడ్డునీ ఎంత చక్కగా కలిపారో! కాకపోతే ఆ రోడ్డు గేటు ముందు ఎంత వెడల్పో అడుగుతారు గానీ, రెండు మలుపుల అవతల ఎంత ఇరుకో అడగరు. ఇప్పటికే దాని మీద ఎన్ని టవర్ల కార్లు నిలబడి ఉన్నాయో అసలే అడగరు.

ఇక కోకాపేటకు రండి. అక్కడి నియోపోలిస్ లేఅవుట్‌లో 2021లో మొదటి వేలం జరిగింది. 2023 ఆగస్టులో మళ్ళీ వేలం పెడితే ఒక ప్లాటులో ఎకరం 100 కోట్లు దాటింది. పేపర్లన్నీ పతాక శీర్షికలు పెట్టాయి. మెట్రో అప్పటికీ రాయదుర్గంలోనే ఆగి ఉంది. రాయదుర్గం నుంచి నియోపోలిస్ దాకా 11.6 కిలోమీటర్ల లైను కావాలని రాష్ట్రం కేంద్రానికి ప్రతిపాదన పంపింది 2024లో. పెళ్ళి చేసేసి, అప్పగింతలూ అయ్యాక జాతకాలు చూపించుకోవడమంటే ఇదే. పైగా ఇక్కడ మాస్టర్ ప్లాన్ గీసేదీ, సుత్తి కొట్టి భూమి అమ్మేదీ ఒకటే సంస్థ, హెచ్‌ఎండీఏ. ఒకే కార్యాలయంలో ప్లానూ పాటా! ఇంతకు మించిన సమన్వయం ఏ సాఫ్ట్‌వేర్ ఇస్తుంది?

సమన్వయం కోసమే ఒక సంస్థ కూడా ఉందండీ. బస్సూ, రైలూ, రోడ్డూ, భూమీ చూసే శాఖలన్నిటినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టడానికి 2008లో చట్టం చేసి మరీ ఉమ్టా పెట్టారు. మీ వీధిలో ఎవరినైనా ఆ పేరు అడిగి చూడండి. హైటెక్ సిటీ అనే పేరుతో ఎంఎంటీఎస్ లోకల్ రైలు స్టేషన్ ఒకటి, మెట్రో స్టేషన్ ఒకటి ఉన్నాయి. ఒకటి దిగి రెండోది ఎక్కాలంటే ఆటో మాట్లాడుకోవాలి. పేరు వరకైతే కలిపారు, కాదనలేం.

మెట్రో మెట్లు దిగితే ఫుట్‌పాత్ మీద పానీపూరీ బండి కనిపిస్తుంది. అడ్డమని దాన్ని తోసేస్తుంటారు. నిజానికి జనం ఎక్కడ దిగుతారో, ఏ వేళకు దిగుతారో, ఎటు నడుస్తారో లెక్కవేసుకుని నిలబడ్డ ఏకైక ప్లానర్ ఆ బండి అతనే. కన్సల్టెన్సీ ఫీజు కూడా అడగలేదు.

ఊరి అంచుల సంగతికి మోడలే అక్కర్లేదు. అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను క్రమబద్ధం చేస్తామని 2020లో ఎల్‌ఆర్‌ఎస్ ప్రకటిస్తే రాష్ట్రమంతటా కలిపి దాదాపు 25 లక్షల దరఖాస్తులొచ్చాయి. బస్సు తిరగడానికి చోటుందా అని ఆ ఫారంలో ఎవరూ అడగలేదు. ఫీజు కట్టారా అన్నదే అడిగారు.

కాబట్టి అయ్యా, సాఫ్ట్‌వేర్ తర్వాత కొందురు గానీ, ముందు వేలం నోటీసులో ధర పక్కన ఇంకో రెండు గడులు గీయండి. ఈ ఎకరంలోకి రోజూ ఎంతమంది వస్తారు? దేంట్లో వస్తారు? దానికి లైసెన్సు అక్కర్లేదు, స్కేలూ పెన్నూ చాలు. ఆ గడులు నిండేదాకా సుత్తి కింద పెట్టండి.