నాకు అక్షరం ముక్క రాదు

తహసీల్దారు ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో ఉన్న జిరాక్సు షాపులో ఉంటాను. పొద్దున షట్టర్ లేచింది మొదలు అర్జీలు, అఫిడవిట్లు, అద్దె ఒప్పందాలు అన్నీ నా మీదుగానే పోతాయి. ఏడేళ్లుగా ఇదే పని. అయినా నిజం చెప్పేస్తాను: పేరుకు కీబోర్డునే గానీ, నాకు అక్షరం ముక్క రాదు.

నా మీద అచ్చేసిన ఇంగ్లీషు అక్షరాలు మీ కోసం. ఆ వరుస 1870లలో అమెరికాలో షోల్స్ అనే ఆయన టైపురైటర్ కోసం కుదిర్చింది. నా కడుపులో వాటి ఊసే లేదు. అక్కడున్నవి మూడు పల్చటి ప్లాస్టిక్ షీట్లు. పైదానికీ కిందదానికీ కరెంటు పారే సిరాతో గీసిన గీతలు, మధ్యదానికి మీటకో చిల్లు. మీట నొక్కితే రబ్బరు బుడిపె కుంగి, ఆ చిల్లులోంచి పై గీత కింది గీతకు తగులుతుంది. అంతే నా చదువు. 104 మీటలకు 104 తీగలు లాగే బదులు అడ్డంగా 8, నిలువుగా 18 దారులు వేశారు. ఓ చిన్న చిప్పు ఎక్కడ ఏది తగిలిందా అని ఆ దారులన్నీ సెకనుకు వందలసార్లు తడుముతుంది. తగిలేటప్పుడు గీతలు కాస్త అదురుతాయి. ఆ అదురును నమ్మితే ఒక్క నొక్కుకు నాలుగు అక్షరాలు పడతాయి. అందుకే కొన్ని మిల్లీసెకన్లు ఓపిక పట్టి తేలుస్తుంది.

తేలింది కదా అని నోరు విప్పకూడదు. కంప్యూటర్ అడగాలి. యూఎస్‌బీ ఇంట్లో మర్యాద అది. 'ఏమైనా ఉందా?' అని సెకనుకు వందసార్లు అడుగుతుంది. ఉంటే ఓ అంకె చేతిలో పెడతాను.

'దస్తావేజు' కొట్టాలనుకోండి. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో 'స్తా'కి ఎమ్, డి, ఎల్, ఇ మీటలు. నేను పంపేది 16, 7, 15, 8. కంప్యూటర్‌లో తెలుగు ఎంచుకుని ఉంటే అవి యూనికోడ్‌లో 3128, 3149, 3108, 3134 అవుతాయి. అంటే స, పొల్లు, త, దీర్ఘం. వాటిని కలిపి త వత్తును కింద వేలాడదీసేది ఫాంటు. చిత్రం చూడండి, త తర్వాత పంపిన దీర్ఘం పోయి స నెత్తిన కూర్చుంటుంది! ఆ ముచ్చట కనపడేది మానిటర్ మీద. నాకు చూసే యోగం లేదు.

పక్కనున్న ప్రింటర్‌ను చూస్తే ఒళ్లు మండుతుంది. డ్రమ్ము మీద లేజర్ గీసినచోట టోనర్ పొడి అంటుకుని, కాగితం మీదికెక్కి, వేడి రోలర్ కింద కరిగి అతుక్కుంటుంది. వెచ్చగా వచ్చిన ఆ కాగితాన్ని పెద్దవాళ్లు రెండు చేతులా అందుకుంటారు. నన్ను ఉత్త ఇన్‌పుట్ అంటారు గానీ, నాకూ ఓ దీపం ఉంది. క్యాప్స్‌లాక్ దీపం. మీట నొక్కగానే నేనే వెలిగిస్తానని మీరనుకుంటారు. కాదు, నొక్కిన సంగతి కంప్యూటర్‌కు చెబుతాను, అది వెలిగించమంటే వెలిగిస్తాను.

మొన్న ఓ రైతు సర్వే నంబరు 142 అంటే మా టైపిస్టు 124 కొట్టాడు. "బటన్లు సరిగా పడట్లేదు పెద్దాయనా" అని నెపం నా మీదికి తోశాడు. ఆ సాయంత్రమే అతని టీ గ్లాసు నా మీద బోర్లా పడింది. టీ ఆరిపోతుంది. చక్కెర పోదే! నన్ను విప్పి, షీట్లు తుడిచి, మర్నాడు ఎండలో పెట్టి బిగించాడు. అన్నీ పలికాయి, ఒక్క ఎమ్ తప్ప. ఎమ్ లేకపోతే స లేదు. తహసీల్దారు, సర్వే, సాగు, సంతకం... ఈ ఊళ్లో స లేని అర్జీ ఉంటుందా? పాత అర్జీలోంచి ఒక స కాపీ చేసి పెట్టుకుని, కావాల్సినచోటల్లా పేస్టు చేస్తున్నాడు. కొత్తది కొనే బేరం మాత్రం వాయిదా వేశాడు.

చిప్పు ఆ సంగతి ఎరగదు. ఎమ్ దగ్గరికొచ్చినప్పుడల్లా తడుముతూనే ఉంది, సెకనుకు వందలసార్లు.