కోర్టు వదిలిన 31 వేలు

జామీను సంతకం పెట్టడం నా తెలివితక్కువతనంలో చిన్న ముక్క. పల్నాడులో పంతులు ఉద్యోగం ఉన్నవాడికి ఆ సంతకం అడగని చుట్టం ఉండడు. 2021లో మా మేనమామ కొడుకు, నాకు బామ్మర్ది వరస, మిర్చి తోట పెట్టుబడికి ఫైనాన్సులో అప్పు తీస్తూ, "బావా, నీ జీతం చీటీ ఒక్కటి చాలు" అన్నాడు. ఇచ్చాను. ఆ ఏడు గుంటూరు జిల్లా మిర్చిని దెబ్బతీసిన నల్ల తామర పురుగు అతని తోటనూ వదల్లేదు. పూత రాలింది, అతను ఫోనెత్తడం మానేశాడు.

ఫైనాన్సువాళ్లు కోర్టుకెళ్లారు. అసలు మూర్ఖత్వం నాకొచ్చిన సమన్లతో మొదలైంది. సంతకం పెట్టి తీసుకున్నాను, స్కూల్లో నా బీరువాలో హాజరు పట్టీల కింద దాచాను. అప్పు వాడుకున్నది అతనైతే నా జోలికెందుకొస్తారని ధీమా. అసలు అప్పుదారు ఎంత బాధ్యుడో జామీనుదారూ అంతేనని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను చెబుతోంది. నేను చెప్పేది సాంఘిక శాస్త్రం, అందులోనూ పౌరశాస్త్రం అంటే ప్రాణం! వాయిదాకు పోకపోయేసరికి ఎక్స్ పార్టీ డిక్రీ అయింది. దాన్ని కొట్టేయమని అడగడానికి 30 రోజుల గడువుంటుంది. ఆ గడువంతా కాగితాలు బీరువాలోనే ఉన్నాయి.

అటాచ్‌మెంటు ఉత్తర్వు నేరుగా జీతాల బిల్లు పెట్టే అధికారికే వచ్చింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను ప్రకారం మొదటి వెయ్యి ముట్టుకోరు, మిగిలినదాంట్లో మూడింట రెండొంతులు వదిలేస్తారు. లెక్కకొచ్చే నా జీతం 46 వేలు. కోత 15 వేలు. పీఎఫ్ జోలికీ రారు. 31 వేలతో ఇల్లు గడవదా? గడుస్తుంది, ఇంట్లో చెబితే.

నేను చెప్పలేదు. కోసిన 15 వేలూ నెలనెలా నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి, నిండు జీతంలా మా ఆవిడ చేతిలో పెట్టాను. మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. అప్పు లక్షన్నర అయ్యేసరికి వడ్డీయే నెలకు నాలుగున్నర వేలు. అది కట్టడానికి ఇంకోచోట చెయ్యి చాపాను. చివరికి వడ్డీ ఆసామి మా వరండాలో వచ్చి కూర్చున్నాడు.

మా ఆవిడ అరవలేదు. బీరువాలో కాగితాలన్నీ తెప్పించుకుని వరసగా చదివింది. "ఇదేందండీ, కోర్టోళ్లు మనకు 31 వేలు వదిలారు. మీరు అది కూడా మిగల్చలేదు" అంది.

డ్వాక్రా గ్రూపులో అప్పు తీసి మూడు రూపాయల వడ్డీ ఆమే వదిలించింది. వకీలు దగ్గరికీ ఆమే లాక్కెళ్లింది. ఒకే డిక్రీ కింద కోత మొత్తం 24 నెలలు సాగితే, ఆ డిక్రీకి ఇక జీతం జప్తు చేయకూడదట. నేను కట్టింది బామ్మర్ది దగ్గర వసూలు చేసుకునే హక్కు కూడా ఉందట. ఫోన్ చేస్తే ఈసారి ఎత్తాడు, నంబరు మా ఆవిడది కాబట్టి. "వచ్చే కాపుకు చూద్దాం బావా" అన్నాడు.

ఏటీఎం కార్డు ఇప్పుడు ఆమె దగ్గరుంది. పెట్రోలుకు అడిగి తీసుకుంటున్నాను.