‘లెట్స్ నైఫ్’ విన్న ఒక అభిమాని వాక్యానికి టీకా తాత్పర్యం

మూలము: “హాయిగా ఉంది. నవ్వొచ్చింది. మళ్ళీ పెట్టు.”

అవతారిక: జపాన్‌లోని ఒసాకాలో 1981లో నవోకో యమానో, ఆమె చెల్లెలు అత్సుకో, స్నేహితురాలు మిచియే నకతాని కలిసి షోనెన్ నైఫ్ అనే పాప్-పంక్ బృందం కట్టారు. పాత పాటలను మళ్ళీ రికార్డు చేసి 1992లో ‘లెట్స్ నైఫ్’ ఆల్బంగా తెచ్చారు. దాన్ని విన్న అభిమాని ఒకడు పక్కవాడితో ఇట్లనుచున్నాడు.

ప్రతిపదార్థము: సుగమము.

విశేషము: ఈ ఆల్బంలో బార్బీ బొమ్మ మీద పాట ఉంది, అడవిదున్న మీద ఉంది, సైకిలు తొక్కడం మీద ఉంది. వాటి జోలికి పోను. నా మనసంతా గిన్నెలు తోమే తాబేలు మార్కు బ్రష్ పాట మీదే. జపాన్‌లో 1907 నుంచి అమ్ముతున్న అసలు సరుకది. మెలిపెట్టిన తీగల నడుమ కొబ్బరి పీచు ఇరికించి, చుట్టూ సమంగా కత్తిరించి, తీగను గుండ్రంగా వంచి, రెండు కొసలూ ఒకచోట కలిపేస్తారు. అరచేతిలో ఇమిడిపోతుంది, చూస్తే తాబేలు పిల్ల. కొబ్బరి పీచు మహిమ తెలుగువాళ్ళకు ఒకరు చెప్పాలా? బూడిదలో అద్ది తోమితే మాడిన పాలగిన్నె అడుగు ఎట్లా తేలేదో, ఇత్తడి బిందెను చింతపండు పెట్టి రుద్దితే ఎట్లా తళతళలాడేదో చూసినవాళ్ళం. ఇప్పటి ఆకుపచ్చ స్క్రబ్బరు వారం తిరక్కుండా పీలికలవుతుంది, వాసన కూడా కొడుతుంది. దాని మీద ఎవరైనా పాట కట్టారా? కట్టరు. పీచుకు ఆ యోగ్యత ఉంది కనుకనే 1983 నాటి ‘బర్నింగ్ ఫార్మ్’లో ఒకసారి, ఇందులో మరోసారి దాన్ని కీర్తించారు.

ఎక్కడున్నాం? అభిమాని దగ్గర.

పూర్వపక్షము: విమర్శకుడు ఊరుకోడు. “ఈ ఉల్లాసం ఒక ముసుగు. బ్రష్ పాట వినిమయ సంస్కృతి మీద వ్యంగ్యాస్త్రం. అమాయకత్వం అనేది ఇక్కడ ఒక వ్యూహం” అంటాడు.

సమాధానము: ముఖ్యార్థానికి బాధ కలిగితేనే లక్షణ, అంటే మాటకు పక్క అర్థం చెప్పుకోవడం, అని ఆలంకారికుల మాట. గంగలో పల్లె ఉందంటే నీళ్ళలో పల్లె పొసగదు గనక గట్టు మీద అని చెప్పుకుంటాం. ఇక్కడ బ్రష్ గిన్నె తోముతోంది, గిన్నె తెల్లబడుతోంది. ముఖ్యార్థానికి ఏ బాధా లేదు, ఉన్న బాధంతా విమర్శకుడిదే. మెదక్ సీమ కొలిచారం నుంచి వచ్చిన మల్లినాథ సూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. కాళిదాసు దగ్గరే అంత ఒళ్ళు దగ్గర పెట్టుకున్నాడాయన. మన విమర్శకుడు బ్రష్ పాట దగ్గర ఆగలేకపోయాడు. (పీచు గురించి నేను రాసిందంతా మూలంలోదే, కావాలంటే పాట వినండి. బూడిద, చింతపండు మాత్రం నావి.)

ఇంకొకటుంది, దీనికి నవ్వు రాదు. ఈ బృందం గురించి ఏ వ్యాసం తెరిచినా మొదటి పేరాలోనే నిర్వాణ అనే రాక్ బృందం గాయకుడు కర్ట్ కొబేన్ దిగుతాడు. 1991లో నిర్వాణ వాళ్ళు వీళ్ళను బ్రిటన్ పర్యటనకు వెంట తీసుకెళ్ళిన మాట నిజం, కొబేన్‌కు వీళ్ళంటే ఇష్టమన్నదీ నిజం. అప్పటికే వీళ్ళు పదేళ్ళుగా పాడుతున్నారు. ముగ్గురు ఆడవాళ్ళు సరదాగా వాయిస్తే ఆ సరదా బాగుందనడానికి దిగులు మొహం మగవాడొకడు సాక్ష్యం చెప్పాలా? నిర్వాణ గురించి రాసేటప్పుడు ఒసాకా అమ్మాయిలు మెచ్చుకున్నారని మొదటి పేరాలో రాస్తారా? ఏడుపు పాటకు లోతు ఉందని వినకుండానే నమ్ముతారు. నవ్వు పాట మాత్రం లోపల ఏడుపు దాచుకున్నట్టు రుజువైతే గాని లోపలికి రానివ్వరు. నాట్యశాస్త్రం చెప్పిన భరతుడు రసాల జాబితాలో కరుణకంటే ముందే హాస్యాన్ని కూర్చోబెట్టాడు, దానికి ఎవరి సిఫార్సూ అడగలేదు.

తాత్పర్యము: ఆల్బం హాయిగా ఉంది, అభిమానికి నవ్వొచ్చింది, మళ్ళీ పెట్టమన్నాడు. 2023లో వచ్చిన ‘అవర్ బెస్ట్ ప్లేస్’లో కారంకారంగా ఉండే కూరగాయల కర్రీ మీద పాట ఉంది. విమర్శకులకు ముందే మనవి చేస్తున్నాను, అది కర్రీ గురించే.