సోఫాకు చెలగాటం, పిల్లికి ప్రాణసంకటం

అమెరికాలో సోఫాకు ఉన్న మర్యాద అంతా ఇంతా కాదు. దాని మీద గీత పడితే గీసినవాళ్ల వేళ్లు కోయిస్తారు. గీసింది పిల్లి అయితేనే సుమండీ! అదే సోఫా మీద పెన్నుతో అష్టాచెమ్మా గళ్లు గీసిన మనవడికి ఐస్‌క్రీం ఇప్పిస్తారు. తోలు సోఫా అయితే భక్తి ఇంకొంచెం ముదురుతుంది. ఎప్పుడో చచ్చిన ఆవు చర్మం మీద గీత పడకూడదని బతికున్న పిల్లిని కోత బల్ల ఎక్కిస్తారు.

తీసేది గోళ్లే కదా, వేళ్లంటావేమిటని కోప్పడకండి. మన గోరు చర్మంలోంచి వస్తుంది, పిల్లి గోరు ఎముకలోంచి వస్తుంది. అది మళ్లీ మొలవకూడదంటే వేలి చివరి కణుపు ఎముకతో సహా తెగాల్సిందే. ముందు పాదాలకు అయిదేసి, వెరసి పది. మరీ ఉదారులైతే వెనక పాదాల ఎనిమిదీ కలిపేసి లెక్క చక్కబెడతారు. ఈమధ్య లేజర్ కూడా వచ్చింది. ఆ మాట వినగానే యజమాని మనసు తేలికపడుతుంది, రక్తం తక్కువ పోతుందట. వేలు మాత్రం అంతే పోతుంది.

పిల్లి వేళ్ల మీద నడిచే జీవి. కోసిన పాదాలతో ఇసుక తొట్టెలో తవ్వబోతే నొప్పి. అందుకని కొన్ని పిల్లులు ఆ పనికి మెత్తటి చోటు వెతుక్కుంటాయి. ఇంట్లో మెత్తగా ఉండేవేమిటో చెప్పక్కర్లేదు. గీతల బాధ తప్పిన సోఫాకు అభిషేకం మొదలవుతుంది. గోళ్లు పోయినవాటికి ఆత్మరక్షణకు పళ్లే మిగులుతాయి గనుక కొన్ని కరవడమూ నేర్చుకుంటాయి. ఆ తర్వాత పళ్లు కూడా పీకించాలేమో!

ఐరోపా దేశాలు 1987లోనే పెంపుడు జంతువుల ఒడంబడికలో ఈ కోత కూడదని రాసుకున్నాయి. అమెరికాలో వెస్ట్ హాలీవుడ్ నగరానికి 2003లో ఆ జ్ఞానం కలిగింది. ఒక రాష్ట్రం మొత్తానికి, అంటే న్యూయార్క్‌కు, కలిగేసరికి 2019 జూలై వచ్చింది. కోతను నిషేధించే ఆ బిల్లుకు అడ్డం పడింది సోఫాల వర్తకులు కారు, సాక్షాత్తూ ఆ రాష్ట్ర పశువైద్యుల సంఘమే. గోళ్లు తీయనివ్వకపోతే యజమానులు పిల్లిని వదిలేస్తారు, లేదా చంపించేస్తారు, కాబట్టి చివరి మార్గంగా ఉండనివ్వండి అని వాళ్ల వాదన. వేళ్లిస్తావా, ప్రాణమిస్తావా అని అడిగే ఈ గాఢానురాగాన్ని మన ప్రేమకథల్లో ఎవరూ రాయలేకపోయారు.

ఇంతకీ వేరే దారి లేదా? ఉంది. కానీ లేజర్ ముందు మరీ నామోషీగా ఉంటుంది. ఒక కర్ర, దానికి చుట్టిన కిత్తనార తాడు. పిల్లి నిలబడి ఒళ్లు విరుచుకుంటే అందేలా మూడడుగుల ఎత్తు, ఊగకుండా కింద బరువైన పీట. ఊగిందా, మళ్లీ సోఫాయే గతి, అది కదలదు గనుక. ఆ కర్రను చుట్టాలకు కనబడుతుందని వెనకగదిలో దాచేవాళ్లున్నారు. గోకడం పిల్లికి వ్యాయామమే కాదు, గోటి పాత పొర రాల్చుకోవడం, పాదాల గ్రంథుల వాసనతో ఈ ఇల్లు నాదని చాటుకోవడం కూడా. ఎవరైనా పేరు బోర్డు కొట్టుగదిలో తగిలించుకుంటారా? నిలువు కర్ర నచ్చని పిల్లికి నేలమీద అట్టముక్క పడేస్తే చాలు. రెండు మూడు వారాలకోసారి గోటి కొస కత్తిరించాలి, లోపలి గులాబీరంగు భాగం జోలికి పోకూడదు, అక్కడ నరం ఉంటుంది. అంటించే మెత్తటి తొడుగులూ దొరుకుతాయి, నాలుగైదు వారాలకు ఊడిపోతే కొత్తవి. సోఫా మూలలకు రెండువైపులా అంటుకునే టేపు వేస్తే పిల్లికి ఆ జిగురు గిట్టదు.

తెలుగువాళ్లకు ఇదంతా ఒకరు నేర్పాలా? సోఫా కొన్న నాటి ప్లాస్టిక్ పదేళ్లు విప్పం, దాని మీద దుప్పటి, దుప్పటి మీద తువ్వాలు. డాలస్ వెళ్లి స్థిరపడగానే ఆ విద్య మరిచిపోయి పిల్లిని ఆస్పత్రికి మోసుకుపోవడం మాత్రం మన వంశానికే మచ్చ.

కర్ర కుదరదు, టేపు అసహ్యం, సోఫా షోరూములో మెరిసినట్టే మెరవాలి అనేవారికి మరో ఉపాయం ఉంది. పిల్లిని తెచ్చుకోకండి. దీనికి మత్తుమందు అక్కర్లేదు, కట్లు అక్కర్లేదు, బిల్లు కూడా రాదు.